సామాన్ల గది తాళం

పెంచలయ్య చేతికి వచ్చింది అరవై వేలు. దాంతో మూడొందల మందికి భోజనం, పందిరి, మేళం, పెళ్ళిబట్టలు అన్నీ అమర్చి, ఇంకా నాలుగు వేలు మిగిల్చాడు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఏటా మాఘమాసంలో, పెద్దదిక్కు లేని ఇళ్ళ ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేస్తారు. ఈసారి రెండు. నాగూరయ్య స్వామి ఆ పనంతా పెంచలయ్యకు అప్పగించాడు. పెంచలయ్య బీకాం చదివి, రెండేళ్ళ క్రితం స్వామి దగ్గరకు వచ్చి ఉండిపోయాడు. ఊరికే కూర్చున్న మనిషి కనపడితే అతనికి ఆ పూట అన్నం సయించదు.

మొదటి పెళ్ళి రేపనగా, స్వామి ముందు కూర్చుని ఏర్పాట్లన్నీ ఏకరువు పెట్టాడు. నీళ్ళకెవరు, విస్తళ్ళకెవరు, బస్సు దిగే మగపెళ్ళివారికి ఎదురెళ్ళేదెవరు. స్వామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నాడు.

"సామాన్ల గదికి ఎవరు?"

"దానికే సామీ, చాలా ఆలోచించాను. నెయ్యి, జీడిపప్పు, చక్కెర, టెంకాయలు అన్నీ అందులోనే. తాళం నమ్మకమైన మనిషి దగ్గరుండాలి. తాళి కట్టే వేళకు కూడా కదలకూడదు. జయమ్మ గారికిచ్చాను."

జయమ్మ పెళ్ళికూతురు సుభాషిణికి తల్లి. భర్త పోయాక నాలుగిళ్ళలో పనిచేసి కూతుర్ని పెంచింది.

"కన్యాదానానికి సుభాషిణి చిన్నాన్న, పిన్నమ్మ కూర్చుంటున్నారు," అన్నాడు పెంచలయ్య. "పీటల మీద జయమ్మ గారికి పనేం లేదు గదా సామీ. అడిగితే, నాకూ అదే మంచిది నాయనా అనింది."

స్వామి ఒక కాయ విరిచి చూసి, పుచ్చుందని పక్కన పడేశాడు.

"పెళ్ళి చూసేదెవరు?"

"మూడొందల మంది సామీ."

"బాగుంది. వధూవరుల మధ్య తెర పట్టుకునేదెవరు?"

పెంచలయ్య ఆ సంగతి మర్చిపోయాడు. "ఎవరో ఇద్దరు పట్టుకుంటారు లెండి."

"ఒక కొస నువ్వు పట్టుకో."

"నేనక్కడ నిలబడిపోతే మిగతావన్నీ చూసేదెవరు?"

"తెర దించిందాకానేగా," అన్నాడు స్వామి.

మర్నాడు పొద్దున పెంచలయ్య తెర పట్టుకుని నిలబడ్డాడు. రెండో కొస పెళ్ళికొడుకు బావ పట్టుకున్నాడు. ఆయన నోరు ఊరుకునేది కాదు.

"అబ్బాయ్, నీ కొస ఎత్తు. మావాడు పొడుగు, పైనుంచి తొంగి చూసేస్తాడు."

పెంచలయ్య చేతులు ఎత్తాడు. వంటల దగ్గర ఎవరో చెయ్యూపి ఏదో అడుగుతున్నారు. గేటు దగ్గర ఆటో అడ్డంగా నిలిపేశారు. తాంబూలాల పళ్ళెం ఉండాల్సిన చోట లేదు. అతను కదల్లేడు. చూస్తూండగానే ఎవరో ఆటోను పక్కకు నెట్టారు. ఎవరో పళ్ళెం తెచ్చి పెట్టారు. తను చెప్పిన మనుషులు కారు వాళ్ళు.

ఇక చూడ్డానికి మిగిలింది తెరకు అటూ ఇటూ ఉన్న ఇద్దరే. పెళ్ళికొడుకు చేతిలో జీలకర్రా బెల్లం ముద్ద చెమటకు కరిగిపోతోంది. సుభాషిణి తల వంచుకునే ఉంది గానీ, ఉండుండి కళ్ళెత్తి పక్కకు చూస్తోంది. వంటశాల పక్కనున్న సామాన్ల గది వైపు.

"ఏమన్నా కావాలా అమ్మా?" అన్నాడు పెంచలయ్య, వంగి.

"ఏం లేదన్నా."

మేళం పెరిగింది. ఆమె మళ్ళీ అటే చూసింది.

"అన్నా, మా అమ్మకు అక్కణ్ణించి కనపడుద్దా?"

పెంచలయ్య తిరిగి చూశాడు. చూడకపోయినా తెలుసు. ఆ గదికి కిటికీ లేదు. లేదు కాబట్టే సామాన్లకు దాన్ని ఎంచుకున్నాడు.

అతను ఎవర్నో పిలిచాడు. డోలు మోతలో వినపడలేదు. కొస వదిలేద్దామని చెయ్యి సడలించాడు.

"ఏందబ్బాయ్, ముహూర్తం కాకముందే దించేస్తావా? అంత తొందర మావాడిక్కూడా లేదే," అన్నాడు బావ.

"నాలుగు నిమిషాలుంది," అన్నాడు పురోహితుడు.

అప్పుడు పందిరి చివరి రాట దగ్గర జయమ్మ కనిపించింది. చేతులకంటిన బియ్యప్పిండి కొంగుకు తుడుచుకుంటోంది. నడుముకు తాళంచెవి లేదు. రాట దాటి లోపలికి రాలేదు.

పీటల మీదున్న పిన్నమ్మ ఆమెను చూసింది. "అక్కా, ఇట్రా."

"నేనెందుకులే. ఇక్కడే ఉంటాలే."

"నీ కూతురు తల తిప్పీ తిప్పీ మెడ పట్టేసేట్టుంది. వచ్చి ఎదురుగా కూర్చో."

పిన్నమ్మ భర్తను మోచేత్తో పక్కకు జరిపి చోటు చేసింది. పురోహితుడు మంత్రం ఆపలేదు. ఎవరూ ఏమీ అనలేదు. జయమ్మ వచ్చి కూర్చుంది.

జీలకర్రా బెల్లం తలల మీద పెట్టుకున్నారు. తెర దించమన్నారు. తెర దిగగానే సుభాషిణి ముందు తల్లిని చూసింది. పెళ్ళికొడుకు ఆమె ఎటు చూసిందో అటే చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

తలంబ్రాల సందడిలో పెంచలయ్య సామాన్ల గదికి వెళ్ళాడు.

స్వామి బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. గుమ్మంలో వంటమనిషి సుబ్బరామయ్య నిలబడి ఉన్నాడు.

"చూడు పెంచలయ్యా. చక్కెర తక్కువైందని మనిషిని పంపిస్తే, సామి రవ్వ ఇచ్చి పంపించాడు. చూసుకోకుండా పాయసంలో పోసేశాం."

"ఇప్పుడెట్లా?"

"ఎట్లానా? రవ్వ పాయసమని చెప్పేస్తా," అంటూ చక్కెర డబ్బా తనే చూసి తీసుకుని వెళ్ళిపోయాడు.

గది చీకటిగా ఉంది.

"మీరు పెళ్ళి చూళ్ళేదు సామీ."

"నేను చాలా చూశాను. ఆమెకు ఒక్కతే కూతురు."

బయట ఎవరో నవ్వుతున్నారు. తలంబ్రాలు ఎవరి మీద ఎక్కువ పడ్డాయో వాదించుకుంటున్నారు.

స్వామి లేచి, మొలతాడు ముడి విప్పాడు.

"ఎల్లుండి రెండో పెళ్ళికి తాళం ఎవరి దగ్గరుంటుంది?"

ఆ పెళ్ళికూతురి అక్క దగ్గర. పెంచలయ్య నాలుగు రోజుల క్రితమే ఆమెకు చెప్పేశాడు. ఆమె కూడా, అట్లాగే అన్నా, అనింది.

పెంచలయ్య భుజం మీది తువ్వాలు తీసి, బస్తా మీద దుమ్ము దులిపి, తనే కూర్చుని, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.