ఉస్తాద్ అట్టముక్క

లైను మళ్లీ తెగింది. ఓబులేశు కీబోర్డును ముందుకు తోసి, తల పట్టుకున్నాడు. కలుస్తుంది, కాసేపు బుద్ధిగా ఉంటుంది, రిపోర్టు సగం పోగానే తెగుతుంది. పొద్దున్నుంచీ ఇదే తంతు.

నంద్యాలలోని ఒక ల్యాబు నుంచి బనగానపల్లెలోని చిన్న నర్సింగ్ హోముకు రోగుల రిపోర్టులు ఆ లైను మీదే వెళ్లాలి. దారిలో ఎవరూ చదవకుండా అటు మిషనూ ఇటు మిషనూ తమకు మాత్రమే తెలిసిన రహస్య లిపిలో మాట్లాడుకుంటాయి. ఆ లైను బాగోగులు చూసేది హుసేన్ పీరా గారి వర్క్‌షాపు. శిష్యులు ఆయన్ని ఉస్తాద్ అంటారు.

"అయిందా ఓబులేశూ?" అని పక్క బల్ల నుంచి నాగవేణి అడిగింది. ఆమె కూడా అక్కడే పని నేర్చుకుంటోంది. వాళ్లమ్మ బాలతిమ్మక్కకు రొమ్ములో గడ్డ ఉంటే, ముక్క తీసి పరీక్షకు పంపారు. ల్యాబువాళ్లు పంపామంటారు, నర్సింగ్ హోమువాళ్లు రాలేదంటారు. తల్లి మాత్రం రోజూ నర్సింగ్ హోము వరండాలో కూర్చుని వస్తోంది.

"అవుతాది, ఉండు. నస పెట్టద్దు" అన్నాడు ఓబులేశు. అన్నాక బాధపడ్డాడు. ఆ పిల్ల తప్పేముంది?

ఉస్తాద్‌ను అడిగితే నిమిషంలో తేలేది. కానీ అడగడం నామోషీ. పైగా ఆయన చాదస్తం ఓబులేశుకు పడదు. రెండు మిషన్ల మధ్య ఒక విడత సాగిన మాటను సెషన్ అంటారు. నల్లతెర మీద ఒక ఆజ్ఞ టైపు చేస్తే ఆ సెషన్ జాతకమంతా వరుసగా వచ్చేస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు చెల్లుతుంది, దాన్ని బిగించిన తాళంచెవి ఏమిటి, అన్నీ. ఆ చెవి ఒక పొడవాటి పిచ్చి అక్షరాల వరుస. ఉస్తాద్ ఎప్పుడు సెషన్ చూడాల్సి వచ్చినా ముందు జేబులోంచి ఒక అట్టముక్క తీసి, తెర మీద ఆ వరుసకు అడ్డం పెట్టి, తర్వాతే కళ్లజోడు సర్దుకుంటాడు. గదిలో తానొక్కడే ఉన్నా అంతే. శిష్యులు వెనక నవ్వుకుంటారు. అందరికంటే ఎక్కువ నవ్వేది ఓబులేశే.

అందుకే అతను ఉస్తాద్‌ను వదిలేసి ఫోన్లో గ్రూపును పట్టుకున్నాడు. ఊరూరి నెట్‌వర్కు కుర్రాళ్లంతా ఉన్న గ్రూపు అది. సమస్య రాసి, నాలుగు వరుసలు పెట్టాడు.

"ఫుల్ ఔట్‌పుట్ పెట్టు బ్రో" అన్నాడొకడు. "సగం సగం పెడితే మేమేమన్నా జ్యోతిష్యులమా?" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు గులాబీపువ్వుతో శుభోదయం చెప్పాడు.

ఓబులేశుకు ఒళ్లు మండింది. మళ్లీ అడిగే పని లేకుండా సెషన్ మొత్తం పెట్టేశాడు. లైను మీద అప్పుడు పోతున్న సరుకునంతా ఆ రహస్య లిపిలోనే పట్టి ఉంచిన ఫైలును కూడా దానికి జత చేశాడు. అంతే, గ్రూపు మూగబోయింది. చూసినవాళ్లే తప్ప పలికినవాడు లేడు.

లైను మళ్లీ తెగింది.

ఇక నామోషీని మింగి ఉస్తాద్ దగ్గరకు వెళ్లాడు. ఆయన వచ్చి కూర్చున్నాడు, అట్టముక్క తీశాడు, అడ్డం పెట్టాడు. ఓబులేశు పళ్లు నూరుకున్నాడు. ఇక్కడ కొంప మునుగుతుంటే ఈయన పూజ ఈయనది.

ఉస్తాద్ ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఇదేంది?"

"గడువు, ఉస్తాద్."

"అయిపోయి ఎంతసేపైంది?"

ఓబులేశు చూశాడు. ఎప్పుడో అయిపోయింది. పొద్దున్నుంచి ఆ వరుస కళ్ల ముందే ఉంది.

"అవతలోడు మర్చిపోయిన సెషన్‌నే పట్టుకొని ఏలాడతాంది నీ మిషను. పాతది పారేసి కొత్తది మొదలుపెట్టమని చెప్పు దానికి."

చెప్పాడు. లైను కలిసింది. రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. మళ్లీ తెగలేదు. నర్సింగ్ హోము నుంచి ఫోను వచ్చింది, అన్నీ అందాయని, డాక్టరమ్మ చూసి సాయంత్రం ఒక్కొక్కరినీ పిలుస్తుందని. నాగవేణి లేచి నిలబడి అల్లాకూ అహోబిలం నరసింహుడికీ కలిపి దండం పెట్టింది.

ఓబులేశుకు ప్రాణం లేచి వచ్చింది. "గ్రూపులో ఇంతమంది ఉండీ ఒక్కడూ చెప్పలేకపోయినాడు ఉస్తాద్, దండగమారి మొహాలు" అన్నాడు.

కుర్చీలోంచి లేవబోతున్న ఉస్తాద్ ఆగాడు. "గ్రూపులో ఏం పెట్టినావు?"

"సెషన్."

"మొత్తమా?"

"మొత్తం పెట్టమని పాణం తీసినారు. లైను మీద పోయే సరుకు కూడా పట్టి పెట్టినా."

"ఆ తాళంచెవి వరుస?"

"అదంతా పిచ్చి అక్షరాలే కదా ఉస్తాద్, ఎవరికి అర్థమైతాది?"

 ఉస్తాద్ తిడతాడని ఓబులేశు తల వంచుకున్నాడు. తిట్టలేదు. అట్టముక్క తీసి జేబులో వేసుకుని, కుర్చీని అతని వైపు జరిపాడు.

"కూర్చో. ఆ సరుకు ఫైలు తెరువు. తాళంచెవి అడుగుతాది. గ్రూపులో పెట్టిన పిచ్చి అక్షరాలు దానికియ్యి."

"మీరు చూడరా?"

"నేను చూడను." ఆయన ఇంకో కుర్చీ లాక్కుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఓబులేశు అక్షరాలను కాపీ చేసి అక్కడ అతికించాడు. అంతవరకు ఇసుక రాలినట్టున్న తెర ఒక్కసారిగా తేటపడింది. "వచ్చింది ఉస్తాద్!" అని అరిచాడు. ఇంత తేలికని అతను అనుకోలేదు. ఎవరైనా చేయొచ్చు, తాళంచెవి ఉంటే చాలు.

పైన పేరు ఉంది. బాలతిమ్మక్క. పేరు కింద వయసు, ఊరు. వాటి కింద ముక్క పరీక్ష ఫలితం, ఒకే ఒక్క మాట. ఆ మాట అర్థం కావడానికి డాక్టరు కానక్కర్లేదు.



"ఏమొచ్చిందబ్బా, అట్లరుస్తివి?" అని నాగవేణి పక్క బల్ల నుంచి నవ్వింది. లైను బాగైన ఆనందంలో టిఫిను డబ్బా మూత తీస్తోంది. "సగం చిత్రాన్నం నీకే. పొద్దున్నుంచి నా కోసం తిప్పలు పడితివి."

 అతను ఆమె వైపు చూడలేదు. ఫోను తీసి, గ్రూపులో పెట్టినదంతా చెరిపేశాడు. చెరిపేముందు, దాన్ని అప్పటికే చూసినవాళ్ల పేర్లు కనబడ్డాయి. వేలితో పైకి తోస్తున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి.

గోడ వైపు తిరిగిన మనిషి తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపాడు. అరచేతిలో అట్టముక్క ఉంది.

ఓబులేశు దాన్ని తీసుకుని, తెర మీద ఆ ఒక్క మాటకు అడ్డం పెట్టి పట్టుకున్నాడు.

"సరిపోయిందా?" అన్నాడు ఉస్తాద్.

"సరిపోయింది, ఉస్తాద్."

"అయితే గ్రూపులో ఉండేటోళ్లందరికీ తలా ఒకటి కత్తిరిచ్చి పంపు."