తాలు ప్రశ్న, గట్టి గింజ

నూర్పిళ్ళు అయిపోయి ఖాళీగా పడున్న కళ్ళంలో రోజూ సాయంత్రం బడి జరిగేది. పంతులు నందయ్య అనే ముసలి ఎద్దు. వయసులో ఉన్నన్నాళ్ళూ కళ్ళకు గంతలతో గానుగ చుట్టూ తిరిగాడు. గానుగ మూతపడ్డాక బండి లాగుతున్నాడు. ఎదురుగా ఏముందో కనబడనివాడికి అడిగి తెలుసుకోవడం తప్ప వేరే దారేముంది? అలా అడిగీ అడిగీ ఆరితేరాడు. ఆ విద్యనే పిల్లలకు నేర్పేవాడు. బడికి ఒక కట్టుబాటు కూడా ఉంది. కళ్ళంలో ఎవరూ ఎవరి మీదా పంజా ఎత్తకూడదు. గట్టు దాటాక మాత్రం ఎవరి ప్రాణానికి వారే పూచీ.

చుక్కమ్మ కోడికి ఈ బడంటే ఒళ్ళుమంట. ఆమెకు మిరియం, మెంతి, ఆవగింజ అని ముగ్గురు పిల్లలు. చిలక పంతులమ్మ దగ్గర చదివే పిల్లలు గుక్క తిప్పుకోకుండా పాఠాలు అప్పజెబుతుంటే, తన పిల్లలు ఇంటికొచ్చి తననే పొడుచుకు తింటున్నారు.

"గూట్లో కాస్త కునుకు తీద్దామంటే, 'అమ్మా, గుడ్డులో ఉన్నప్పుడు మేమేం తిన్నాం?' అంటారు. నాకేం తెలుసు వదినా!" అని బాతు దగ్గర వాపోయింది. అసలు ఈ ఎద్దుగారు ఏం వెలగబెడుతున్నాడో చూద్దామని ఒకరోజు తనూ వెళ్ళి కళ్ళం మూల ఒదిగి కూర్చుంది.

నందయ్య అరిగిపోయిన నాడా ఒకటి పిల్లల మధ్యలో పడేశాడు. "ఇది నా కాలిది. రేపు కొత్తవి కొట్టిస్తారు, రావడం కాస్త ఆలస్యమవుతుంది. ఊఁ, అడగండి."

"ఇది ఇనుమేనా మాస్టారూ?" అంది మిరియం.

"అవును" అని నవ్వాడు నందయ్య. "చూశావా, ఒక్క ముక్కతో నా పని అయిపోయింది. తూర్పారబడితే ముందు ఎగిరిపోయేది ఇలాంటిదే. తాలు ప్రశ్న. గింజ ఉన్నది అడగండర్రా."

అందరికన్నా చిన్నదైన ఆవగింజ మెడ చాచింది. "ఇవి కొట్టేటప్పుడు మీరెలా ఉంటారు మాస్టారూ?"

"అదీ ప్రశ్నంటే!" నందయ్య సంబరంగా తోక ఝాడించాడు. "తాళ్ళేసి నన్ను నేలమీద పడగొడతారమ్మా. నాలుగు కాళ్ళూ కలిపి కట్టేస్తారు. మూతి మట్టిలో కూరుకుపోతుంది. మాట కాదు కదా, ఊపిరే సరిగ్గా ఆడదు. సరే, ఈ జవాబులోంచి ఇంకో ప్రశ్న ఎవరు తీస్తారు?"

చుక్కమ్మ మూతి తిప్పుకుంది. పాఠం చెప్పమంటే తన గోడు చెప్పుకుంటున్నాడనుకుంది. రేపే పిల్లల్ని చిలక బడికి మార్చేయాలని తీర్మానించుకుంది.

మర్నాడు ఆ మాట ముఖం మీదే చెప్పేద్దామని పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నందయ్య ఇంకా రాలేదు. గట్టు మీద జంబయ్య నక్క నిలబడి ఉన్నాడు.

"మాస్టారి కోసమా చెల్లెమ్మా? నాడాలు కొట్టించుకుంటున్నారు. ఈపూట పాఠం చెరుకుతోటలోనట. పిల్లల్ని అక్కడికి తీసుకురమ్మని నన్ను పంపారు."

చెరుకుతోట గట్టుకు అవతల. చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. తల్లి కదా, అడగవలసినవన్నీ అడిగింది.

"నిజంగా మాస్టారే పంపారా అన్నయ్యా?"

"అవును చెల్లెమ్మా."

"పిల్లలకేం భయం లేదు కదా?"

"ఏమీ లేదు చెల్లెమ్మా."

"చీకటి పడేలోగా తెచ్చి దిగబెడతావు కదా?"

"మా అమ్మ మీద ఒట్టు."

చుక్కమ్మ మనసు కుదుటపడింది. బాగా నిలదీశాననే అనుకుంది పాపం. "వెళ్ళండర్రా మామయ్య వెంట" అంటూ పిల్లల్ని ముందుకు తోసింది. గట్టు అల్లంత దూరంలోనే ఉంది.

ఆవగింజ కదల్లేదు. "మామయ్యా, నీకీ మాట చెప్పినప్పుడు మాస్టారు ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు? బాగానే ఉన్నారు."

"బాగానే అంటే, ఏం చేస్తున్నారు?"

"నాడాలు కొట్టించుకుంటున్నారని చెప్పానుగా! దర్జాగా నిలబడి ఉన్నారు."

పిల్లలు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మెంతి అడిగింది. "నిలబడి ఉంటే నాడాలు ఎలా కొట్టారు?"

జంబయ్య చూసింది ఎద్దును తోలుకెళ్ళడం మాత్రమే. కొలిమి దగ్గర సుత్తులూ కుక్కలూ ఉంటాయి. అటు తొంగిచూసే ధైర్యం ఏ నక్కకుంది? "ఒక కాలు ఎత్తి పట్టుకుని కొట్టారు. మిగతా మూడు కాళ్ళ మీద నిలబడి నాతో తీరిగ్గా కబుర్లు చెప్పారు. చాలా?"

"ఏం కబుర్లు చెప్పారు?" అంది మిరియం. నిన్న తాలు ప్రశ్న అడిగిన పిల్లే.

"మీరంటే ఎంతో ముద్దన్నారు. లేతగా, బొద్దుగా..." జంబయ్య నాలుక కరుచుకున్నాడు. వెంటనే కస్సుమన్నాడు. "ఇవేం ప్రశ్నలు! బుద్ధిగా మీ అమ్మలాగా అవునా కాదా అని అడగండి, ఎన్నింటికైనా చెబుతాను!"

ఆ మాట చుక్కమ్మకు చెళ్ళున తగిలింది. నందయ్య చెప్పినదంతా నిన్న తనూ విన్నదే. విన్నా, తెలిసినా, ఆ సంగతి తన ప్రశ్నల్లో ఒక్కదాన్లోకీ రాలేదు. రెక్కలు విప్పి పిల్లలకు అడ్డంగా దూకింది.

"కాళ్ళన్నీ కట్టేసి నేలమీద పడేస్తే, మాస్టారు నిలబడి నీతో కబుర్లెలా చెప్పారు అన్నయ్యా?"

జంబయ్య నోరు తెరిచాడు. ఈ ప్రశ్నకు అవునన్నా చెల్లదు, కాదన్నా చెల్లదు. అంతలో బాట మీద కొత్త నాడాలు ఠంగుఠంగుమన్నాయి. నక్క ఖాళీ కడుపుతోనే చెరుకుతోటలోకి పరుగు లంకించుకున్నాడు.

నందయ్య వచ్చేసరికి ఆయన మూతికింకా మట్టి అంటుకునే ఉంది. పిల్లలు జరిగిందంతా ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అయితే నేను లేకుండానే పాఠం అయిపోయిందన్నమాట" అన్నాడు మురిసిపోతూ.

చుక్కమ్మ ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. వయసంతా గంతల వెనక గడిపిన ఈ ముసలి ఎద్దు తన పిల్లలకు ఎంత చూపు ఇచ్చాడు!

"ఏమ్మా, నాతో ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?" అన్నాడు నందయ్య.

"చెప్పడానికేం లేదు మాస్టారూ. అడుగుదామని వచ్చాను." కాస్త తటపటాయించింది. "మీ బడిలో పెద్దవాళ్ళను చేర్చుకుంటారా?"

"తాలు! తాలు ప్రశ్న!" అని పిల్లలు ముగ్గురూ ఎగిరి గంతులేశారు.

చుక్కమ్మ సిగ్గుపడి, నవ్వి, ఈసారి ఆలోచించి అడిగింది.

"నన్నెక్కడ కూర్చోమంటారు మాస్టారూ?"

నీతి: "అవునా?" అని అడిగితే అబద్ధమైనా తడుముకోకుండా అవుననేస్తుంది. "ఎలా?" అని అడిగినప్పుడే దాని కాళ్ళు తడబడతాయి.