సన్యాసి ఎగరాలని రాజుగారికి కల వచ్చింది

ఇలా రండర్రా, దగ్గరికి జరగండి. గిరీ, నీ మోకాళ్ళు నా పొట్టలో పెట్టకు. హైమా, ఆ దుప్పటి వాడిక్కూడా కాస్త ఇవ్వవే, అంతా నువ్వే చుట్టుకున్నావు. ఊ కొడితేనే చెప్తాను, లేకపోతే నాకు నోరు నొప్పి. సరేనా?

అనగనగా ఒక ఊళ్ళో కొండ, కొండ మీద కోట, కోటలో కోటప్పరాజు. అందరు రాజులూ యుద్ధాలకెళ్తారు, వేటకెళ్తారు. ఈయన ఎక్కడికీ వెళ్ళడు. పొద్దున్నే సింహాసనం మీద కూర్చోవడం, కిటికీలోంచి బయటికి చూడ్డం, నోరు తెరుచుకుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోవడం. ఎదురుగా జనం మొర పెట్టుకుంటూనే ఉంటారు, మా పొలం గట్టు తెగిపోయింది మహాప్రభో అని. ఆయన వింటేగా! గట్టు తెగినవాడు చెప్పి చెప్పి విసుగొచ్చి, తనే వెళ్ళి గట్టు వేసుకుని, మళ్ళీ వచ్చి, పనైపోయిందండీ సెలవు అని చెప్పి వెళ్ళేవాడుట.

అంతవరకూ పరవాలేదు. కానీ ఆ రాజ్యంలో ఒక పాడు ఆచారం ఉంది. రాత్రి రాజుగారికి ఏ కలొస్తే పొద్దున్న దాన్ని దండోరా వేయించాలి, ఊళ్ళో అది జరిపించాలి. ఒక కల చెప్పినదాన్ని ఇంకో కల వచ్చి కొట్టేస్తే తప్ప ఎవరూ మార్చకూడదు. ఎప్పుడో వాళ్ళ తాతకి ఫలానా చోట నీళ్ళున్నాయని కలొచ్చిందిట, తవ్వితే నిజంగానే బావి పడిందిట. ఆ ఒక్క బావి పేరు చెప్పుకుని మూడు తరాలుగా రాజుల కలలన్నీ జనం మోస్తున్నారు.

ఒకరోజు దోసకాయకీ పొట్లకాయకీ పెళ్ళయినట్టు కలొచ్చింది. ఊరంతా పందిళ్ళు, మేళాలు, తలంబ్రాలు. మర్యాదలు సరిగ్గా జరగలేదని పొట్లకాయ తరఫువాళ్ళు అలిగి కూర్చున్నారు కూడానూ. ఇంకోరోజు అందరూ వెనక్కి నడుస్తున్నట్టు కలొచ్చింది. మర్నాడు ఇంకో కలొచ్చి తిన్నగా నడవమనేదాకా ఆ ఊళ్ళో బొప్పి కట్టని తల లేదు. మరోరోజు మంత్రిగారు రుబ్బురోలైపోయినట్టు కలొచ్చింది. పాపం, ఆ పెద్దాయన్ని వంటింట్లో కూలేసి ఒళ్ళో నానబోసిన మినుములు పోశారు. దాన్ని కొట్టేసే కల రానేలేదు. ఆయన లేవనేలేదు.

ఊ కొడుతున్నారా? ఏదీ, గట్టిగా!

ఆ కోటలో బట్టలుతికే సన్యాసి అని ఒకతను ఉండేవాడు. కాషాయం కట్టినవాడు కాదే హైమా, పేరే సన్యాసి. మనిషి భారీ. ఎంత భారీ అంటే, అతను వస్తుంటే చూసి గాడిద ముందే పడుకునేది, ఎక్కడ ఎక్కుతాడోనని. అతని పెళ్ళాం నూకాలు. కాపరానికొచ్చి ఏడాదైంది. మనిషి సన్నం, బుర్ర చురుకు, మొగుడంటే ప్రాణం.

ఒక ఆదివారం పొద్దున్నే దండోరా. రాజుగారి కలలో సన్యాసి కొంగలాగా ఎగిరాడు కాబట్టి, వచ్చే శుక్రవారం కోటగోడ ఎక్కి ఎగరవలెనహో! శుక్రవారమే ఎందుకూ? కలలో కూడా శుక్రవారమేనట. కోటగోడ ఎంత ఎత్తనుకున్నారు? మూడు తాడిచెట్లంత. కింద అన్నీ బండరాళ్ళు.

నూకాలు గుండె ఆగినంత పనైంది. మిగతావాళ్ళకి మాత్రం రాజుగారి కలంటే కలే, ఎగరమంటే ఎగరడమే. కొడుకు తేలిగ్గా ఉండాలని అత్తగారు అన్నం మానిపించేసింది. పొద్దున్న మరమరాలు, మధ్యాహ్నం మరమరాలు, రాత్రి మరమరాలు. సన్యాసి రెండు చేతులకీ రెండు చేటలు కట్టుకుని అటక మీంచి దూకాడు. చేట విరిగింది, మంచం విరిగింది, మంచం కింద పడుకున్న పిల్లికి ఆ ఊరంటేనే విరక్తి పుట్టింది. ఇక ఇరుగుపొరుగు సంగతి. ఎలాగూ ఎగురుతున్నావు కదా సన్యాసీ, పక్క ఊళ్ళో మా చెల్లెలికి ఈ ఆవకాయ జాడీ ఇచ్చెయ్యి నాయనా అని ఒకావిడ. మా అల్లుడికి ఈ చెప్పులు అని ఇంకొకాయన. పడిపోతావేమో బాబూ అని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అనలేదు. నాకు ఇప్పుడు చెప్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది.

నూకాలు ఏడుస్తూ కూర్చోలేదు. అసలీ కల ఎక్కణ్ణించి ఊడిపడిందా అని ఆరా తీసింది. శనివారం రోజంతా రాజుగారు కిటికీలోంచి కొంగల్నే చూస్తూ కూర్చున్నాడని కాపలావాడు చెప్పాడు. సరిగ్గా ఆ కిటికీ ఎదురుగానే సన్యాసి తెల్లపంచెలు ఆరేస్తున్నాడు, అవి గాలికి రెపరెపలాడుతున్నాయి. మంత్రి రుబ్బురోలయ్యే ముందురోజో? మంత్రి లెక్కలు చదువుతుంటే రాజు గారెల గురించి ఆలోచిస్తున్నాడు. ఓహో, పగలు ఈయన మనసు దేని వెంట పోతుందో రాత్రి అదే కలై వస్తోందన్నమాట, అనుకుంది నూకాలు.

ఇంకేం, సోమవారం పొద్దున్నించీ ఆ కిటికీ ముందు మొగుణ్ణి బట్టలమూటతో అటూ ఇటూ నడిపించింది. రాజు చూడాలి, నేల మీద నడిచే సన్యాసి కలలోకి రావాలి, ఎగిరే సన్యాసి పోవాలి. అదీ ఆలోచన. రాజు చూశాడు. సాయంత్రందాకా చూశాడు. రాత్రి కలొచ్చింది. ఏమని? మూట నడుస్తోందిట, సన్యాసి మూటలో ఉన్నాడుట! మంగళవారం పాపం సన్యాసిని దుప్పట్లో మూటకట్టి ఊరంతా దొర్లించారు. ఆ రాత్రి కలలో మూట విప్పారు కాబట్టి బతికిపోయాడు. శుక్రవారం ఎగరడం మాత్రం అలాగే ఉంది. మరి కల మన మాట వింటుందా? సరుకులు పగలు మనం ఇచ్చినవే, వంట మాత్రం రాత్రి దాని ఇష్టం.

ఇలా లాభం లేదని బుధవారం నూకాలు తిన్నగా రాజు దగ్గరికే వెళ్ళింది. కలలో ఉన్నప్పుడే ఇది కల అని తమకి తెలుస్తుందా మహాప్రభో అని అడిగింది. రాజు కిటికీలోంచి తల ఇటు తిప్పాడు. తెల్లారాక కదే తెలిసేది అన్నాడు. అక్కడుండగానే తెలిస్తే అంతా మీ ఇష్టమే ప్రభో, కొండని బెల్లం చేసుకోవచ్చు, ఏనుగుని చెంబులో పెట్టుకోవచ్చు అంది నూకాలు. రాజుకి నోరూరింది. ఎలాగ, ఎలాగ అన్నాడు.

చిన్నప్పుడు దయ్యం కలల్లోంచి తను ఎలా తప్పించుకునేదో చెప్పింది నూకాలు. కోటలో గంట కొట్టినప్పుడల్లా చేతివేళ్ళు లెక్కపెట్టుకోవాలి, ఇది కలా నిజమా అని అడుక్కోవాలి. పగలంతా చేస్తే అలవాటైపోయి రాత్రి కలలో కూడా చెయ్యి ఆ పని చేస్తుంది. కలలో వేళ్ళు లెక్క తప్పుతాయి. అప్పుడు తెలిసిపోతుంది. తెలిశాక, అక్కడ మా ఆయన ఎగురుతూ కనిపిస్తే దిగిపొమ్మని ఒక్క మాట చెప్పండి బాబూ, అని కాళ్ళ మీద పడింది. రాజు సరేనన్నాడు.

ఇక చూడండి సంబరం. గంట కొడితే ఒకటి రెండు మూడు నాలుగు అయిదు, ఇది నిజం. అన్నం తింటూ ఒకటి రెండు మూడు నాలుగు అయిదు, ఇది నిజం. స్నానం చేస్తూ ఒకటి రెండు మూడు నాలుగు అయిదు, ఇది నిజం. రాణిగారు తిడుతుంటే ఆశపడి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇదీ నిజమే.

గురువారం రాత్రి వచ్చింది కల. రాజు మబ్బు మీద కూర్చుని గారెలు తింటున్నాడు. సన్యాసి ఎగురుతున్నాడు. కలలో గంట మోగింది. రాజు చెయ్యి చూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిదోది బెండకాయ! ఓరి నాయనోయ్, ఇది కల! ఇంక ఆగుతాడా? కొండని బెల్లం చేసి కొరికాడు. ఏనుగుని చెంబులో పెట్టి మూతేశాడు. తనే రెండు చేతులూ చాచి సన్యాసితో పోటీపడి ఎగిరాడు. నూకాలు చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం శుభ్రంగా మర్చిపోయాడు!

పొద్దున్న లేచి, ఎగరడం ఎంత బాగుంటుందో తెలుసా, మీ ఆయన అదృష్టవంతుడే నూకాలూ అన్నాడుట.

కోటగోడ మీదికి ఊరంతా ఎక్కింది. మేళాలు, సన్నాయిలు. అత్తగారు కొడుకు నోట్లో ఆఖరి గుప్పెడు మరమరాలు పోసింది. సన్యాసి చేతులకి చేటలు, మెడలో చెప్పులు, చంకలో ఆవకాయ జాడీ. గోడ అంచున నిలబడి నూకాలు వంక చూశాడు. భయమేస్తోంది వాడికి, చెప్పుకోవడానికి సిగ్గు. రాజు మొహం వెలిగిపోతోంది. ఆయన ఇంకా మబ్బుల్లోనే ఉన్నాడు.

అప్పుడు గంట కొట్టింది. రాజు చెయ్యి దానంతటదే లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోదాని కోసం వెతికాడు. లేదు. రెండో చెయ్యి చూసుకున్నాడు. అయిదే.

సన్యాసి వణికిపోతుంటే చంకలో జాడీ జారింది. అందరూ వంగి చూశారు. పడుతూనే ఉంది, పడుతూనే ఉంది. రాళ్ళ మీద భళ్ళున పగిలి ఎర్రగా పరుచుకుపోయింది. మేళాలు ఆగిపోయాయి.

"నా బెండకాయేదే?" అన్నాడు రాజు.

"ఇక్కడ ఉండదు మహాప్రభో," అంది నూకాలు. "ఇది నిజం. ఇక్కడ ఆయన పడితే చచ్చిపోతాడు. నాకు మొగుడుండడు."

అంతే, రాజు పరిగెత్తాడు. సన్యాసి నడుం పట్టుకుని వెనక్కి ఒక్క లాగు లాగాడు. ఇద్దరూ గోడ మీద వెల్లకిలా పడ్డారు, రాజు కింద, సన్యాసి పైన. రాజుగారి పక్కటెముకలు మూడు కదిలాయి. ఇది కూడా నిజమేనే అని మూలుగుతూ, ఏడుస్తూ, మర్నాటిదాకా ఆగకుండా అక్కడే దండోరా వేయించాడు. ఇకమీదట రాజుగారి కలలు రాజుగారివే, ఊరికి సంబంధం లేదహో! మంత్రిని లేపబోతే ఒళ్ళో మినుములు మొలకలెత్తి ఉన్నాయి. రాజు రాత్రిళ్ళు హాయిగా ఎగిరేవాడు, పగలు మాత్రం కిటికీ మూసేసి జనం చెప్పేది వినేవాడు.

నూకాలు మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి కడుపునిండా అన్నం పెట్టింది. వాడు తినేసి గుర్రు పెట్టి పడుకున్నాడు. వారం రోజులూ కన్నీటి చుక్క రాల్చని పిల్ల, ఆ గురక వింటూ పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషంతోనేరా గిరీ, నువ్వు కళ్ళు తుడుచుకో.

మీరూ పగలంతా ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటారు, నాకు తెలీదా? కూర్చోండి, నేనేం వద్దనను. ఎన్ని కలలైనా కనండి. మీ కల కోసం ఇంకొకణ్ణి మాత్రం గోడ ఎక్కించకండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.