గోరింకల మూడు నిద్రలు

అనగనగా ఒక అడవిలో అని మొదలెడితే మీరంతా పులి కోసం చూస్తారని నాకు తెలుసు. పులి వస్తుంది, రెండు మాటల్లో వెళ్ళిపోతుంది. దాని కోసం మధ్యలో నన్ను సతాయించారంటే మాత్రం కథ ఇక్కడే ఆపేసి వంటింట్లోకి పోతాను. ఇది గోరింకల కథ. సర్దుకుని కూర్చోండి.

అడవి కొండల మీద ఉంది. కొండ దిగి వస్తే పట్నం. ఆ పట్నంలో ఒక బెల్లం బజారు. పెద్ద పెద్ద రేకుల గోదాములు, ఎడ్ల బళ్ళు, లారీలు, వేలంపాట కేకలు, ఈగలు, చీమలు. ఆ గోదాముల చూరుల్లో బోలెడు గోరింకలు కాపురముండేవి.

అంత గోలలో మొగుడి గొంతు పెళ్ళానికి ఎలా తెలుస్తుంది చెప్పండి. అందుకే ఆ గోరింకలకు ఒక ఆచారం ఉండేది. పెళ్ళయిన జంట మూడు నిద్రలకు అడవికి వెళ్ళాలి. అక్కడ తమకు నచ్చిన విడిది చూసుకోవాలి. ఆ విడిదిలో ఇద్దరూ కలిసి విన్న చప్పుడు ఏదో ఒకటి నేర్చుకుని రావాలి. గోరింక ఏది వింటే అది పలుకుతుంది కదా. ఇక బతికినంత కాలం వాళ్ళిద్దరికీ అదే పిలుపు. ఒకరు పిలిస్తే రెండోవారే బదులు పలకాలి. ఇంకెవరూ ఆ పిలుపు ముట్టుకోకూడదు.

ఒక గోదాము చూరులో అప్పయమ్మ అని ఒక ముసలి గోరింక ఉండేది. ఆవిడ పిలుపు 'టప్'. అంతే. ఆవిడ పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. అయినా రోజూ సాయంత్రం, బళ్ళు వెళ్ళిపోయి బజారు సద్దుమణిగాక, ఆవిడ చూరు చివరికి వచ్చి 'టప్' అనేది. కాసేపు చెవి ఒగ్గి వినేది. తరువాత లోపలికి వెళ్ళి పడుకునేది. మా అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ గోటితో చాప మీద టప్‌మని కొట్టేది. మేమంతా ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా ఏదైనా రాలిన చప్పుడయితే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. సరే, కథలోకి వద్దాం.

అప్పయమ్మకు ఒక మనవరాలు ఉంది. పేరు నూకాలు. దానికి రైలు స్టేషను గోరింకల కుర్రాడు పైడిరాజుతో పెళ్ళయింది. కుర్రాడు మంచివాడే. కాకపోతే నలుగురూ మెచ్చుకోవాలన్న యావ కాస్త ఎక్కువ.

మూడు నిద్రలకు బయల్దేరుతూ ఇద్దరూ మామ్మ దగ్గరికి వచ్చారు.

"ఏ విడిదిలో దిగుతారే?" అని అడిగింది అప్పయమ్మ.

"చూడాలి మామ్మా. మీరెక్కడ దిగారు?" అంది నూకాలు.

"మేమా? వాగు పక్కన ఇప్పచెట్టు తొర్రలో దిగాం. ఒక ఉడుత ఆ తొర్ర చూసుకునేది. తెల్లారేసరికి ఇప్పపువ్వు ఒక్కొక్కటే ఎండాకుల మీద రాలేది. టప్. మళ్ళీ ఎంతసేపటికో టప్. మీ తాత ఒక చెవితో అది వినేవాడు, ఇంకో చెవితో నా సోది వినేవాడు. ఉన్నన్నాళ్ళూ నేను వాగుతూనే ఉన్నాను. ఆ మహానుభావుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కొత్త జంట ఎగిరి ఎగిరి కొండెక్కింది. ముందు వాళ్ళకు కొండముచ్చు మంచె కనిపించింది. చెరువు గట్టున ఎత్తైన టేకుచెట్టు మీద కట్టింది.

"రండి రండి, నా మంచె మీద దిగితే పులిని చూపిస్తాను. చూపించకపోతే నా తోక కోసుకోండి" అన్నాడు కొండముచ్చు.

అన్నట్టే పులి వచ్చింది. నీళ్ళు తాగింది. వెళ్ళిపోయింది. అదిగో, పులి అయిపోయింది. ఇక అడగొద్దు.

"చాలా బాగుంది బాబాయీ" అంటూ నూకాలు ఇంకేదో చెప్పబోయింది.

"ష్. ఇక్కడ మాట్లాడకూడదమ్మా. పులి బెదురుతుంది" అన్నాడు కొండముచ్చు.

కొత్తగా పెళ్ళయినవాళ్ళు నోరు మూసుకుని ఎన్నాళ్ళుంటారు? అక్కణ్ణించి లేచారు.

తరువాత వాగు పక్కన ఇప్పచెట్టు కనిపించింది. దాని తొర్ర ముందు ఒక ముసలి ఉడుత కూర్చుని ఉంది.

"తాతా, నీ విడిదిలో ఏముంది?" అని అడిగాడు పైడిరాజు.

"చూపించడానికి ఏమీ లేదు నాయనా. తొర్ర పొడిగా ఉంటుంది. ఇద్దరికి సరిపోతుంది. మూడోవాళ్ళకి చోటు లేదు" అంది ఉడుత.

నూకాలు ఎగిరి తొర్ర అంచున వాలింది. "మావా, ఇది మా మామ్మ దిగిన చెట్టు" అంది.

పైడిరాజు మొహం ముడుచుకున్నాడు. "ఇంత దూరం వచ్చి తొర్రలో దిగుతామా? రేపు బజారులో అడిగితే ఏమని చెప్తాం? పద పద" అన్నాడు.

కొండ కొమ్మున నెమలి దొర విడిది ఉంది. అబ్బో, దాని సోకు చెప్పనలవి కాదు. పూలతీగల పందిరి. పందిరి కింద వరసగా గూళ్ళు. గూటిగూటికీ ఈకల పరుపు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నెమలి దొర స్వయంగా పురి విప్పి ఆడతాడు.

"మీ బజారు జంటలన్నీ మా దగ్గరే దిగుతాయి" అన్నాడు నెమలి దొర మెడ తిప్పుతూ.

"అందరూ దిగారంటే మంచిదనేగా" అన్నాడు పైడిరాజు.

నూకాలుకు ఇప్పచెట్టు మీదే మనసుంది. కానీ కొత్త పెళ్ళికూతురు కదా, మొగుడి సరదా కాదనలేక ఊరుకుంది. నన్నడిగితే అక్కడే నోరు విప్పాల్సింది.

మొదటి రోజు ఆట చూశారు. రెండో రోజు తోటి జంటలతో కలిసి కొండకొమ్ము నుంచి లోయ చూశారు. మూడో రోజు ఎవరి గూడు బాగుందో చూసుకుంటూ ఊరంతా తిరిగినట్టు గూళ్ళన్నీ తిరిగారు. ఇద్దరూ కూర్చుని ఒక్క మాట చెప్పుకున్నది లేదు. నెమలి దొర అరుపు తప్ప వాళ్ళ చెవిన ఇంకేదీ పడలేదు. అందుకని 'కియావ్' అన్న ఆ అరుపే నేర్చుకుని కొండ దిగారు.

బజారుకు రాగానే పైడిరాజు గోదాము మీద వాలి, రొమ్ము విరుచుకుని 'కియావ్' అన్నాడు. నూకాలు బదులు పలికేలోపే నాలుగు చూరుల నుంచి నాలుగు 'కియావ్'లు వచ్చాయి.

"చూశావా, మనం దిగిన చోటు అందరికీ తెలుసు" అని మురిసిపోయాడు.

అప్పయమ్మ చూరులోంచి తల బయట పెట్టింది. "అందరూ పలికితే అది పిలుపు ఎలా అవుతుంది నాయనా?" అంది. పైడిరాజు నవ్వేసి ఊరుకున్నాడు. నూకాలు మాత్రం తల దించుకుంది.

ఎండలు ముదిరాయి. పండగ వచ్చింది. బజారు మూసేస్తారు కదా అని కూలీలు గబగబా గోదాములు సర్దుతున్నారు. బెల్లం దిమ్మల చుట్టూ చేరిన చీమల కోసం నూకాలు ఒక గోదాము లోపలికి వెళ్ళింది. అది తినే ధ్యాసలో ఉండగానే కూలీలు షట్టరు లాగేసి తాళం వేసి వెళ్ళిపోయారు.

లోపల చీకటి. పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. చుక్క నీళ్ళు లేవు. పండగ వెళ్ళేదాకా ఆ తాళం తీసేవాళ్ళు లేరు. అన్నాళ్ళు పిట్ట ప్రాణం ఆగుతుందా?

"కియావ్" అని పిలిచింది నూకాలు.

పైడిరాజు విన్నాడు. "కియావ్" అంటూ ఎగిరాడు. ఎటు చూసినా కియావే. తూర్పున ఒకటి, పడమర ఒకటి, లారీ షెడ్డులో ఒకటి. ఒక చూరు దగ్గర వాలితే అది ఎవరి పెళ్ళామో.

"నీ పెళ్ళాన్ని పిలుచుకోవయ్యా, నా వెంట పడతావేం" అని కసిరింది.

ఇంకో చూరుకు పోయాడు. అక్కడా అంతే. మూడో చూరులో ఆవిడ మొగుడు కొట్టినంత పని చేశాడు. మర్నాటికి పైడిరాజు గొంతు పోయింది. రెక్కలు వేలాడేసుకుని బజారు మధ్యన కూలబడ్డాడు. లోపల నూకాలుకూ నలువైపుల నుంచీ కియావ్‌లు వినపడుతూనే ఉన్నాయి. అందులో తన మొగుడిది ఏదో దానికీ తెలియలేదు.

సాయంత్రానికి నూకాలు నాలుక పిడచకట్టుకుపోయింది. అప్పుడు దూరంగా రోజూ వినపడే చప్పుడే వినపడింది.

'టప్.'

ఆ పిలుపు ముట్టుకోకూడదని నూకాలుకు తెలుసు. "మామ్మా, తప్పు కాయి" అనుకుంది. ఉన్న ఓపికంతా కూడగట్టుకుని 'టప్' అంది.

చూరు చివర అప్పయమ్మ కొయ్యబారిపోయింది. ఇన్నేళ్ళుగా రోజూ పిలుస్తోంది. బదులు రాదని తెలిసే పిలుస్తోంది. ఆ రోజు బదులు వచ్చింది.

ఆవిడ చూరు దాటి ఎగిరి ఎన్నాళ్ళయిందో. అయినా ఎగిరింది. గాలికి పక్కకు పోతూ, రొప్పుతూ, బజారు మీదుగా ఎగిరింది. కింద కూలబడ్డ పైడిరాజు తలెత్తి చూసి, ఈవిడకేమైందో అని వెనకే పోయాడు. ఆవిడ తాళం వేసిన గోదాము దగ్గరికి పోయి, ఇనుప వల కొట్టిన గాలి కిటికీ ఊచ మీద వాలింది.

"వచ్చావా?" అని అడిగింది.

లోపలి నుంచి సన్నగా గొంతు వచ్చింది. "మామ్మా, నేనే. నూకాల్ని."

అప్పయమ్మ ఊచకు తల ఆనించింది. అప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయానని పైడిరాజు ముసలివాడయ్యాక కూడా చెప్పుకుని బాధపడేవాడు. తరువాత ఆవిడే తేరుకుంది.

"నువ్వటే తల్లీ. ఉండు, భయపడకు" అంది. ఇటు తిరిగి, "నోరెళ్ళబెట్టి చూస్తావేం అల్లుడూ? పో, అందర్నీ కేకేసుకురా" అని గదమాయించింది.

బజారు గోరింకలన్నీ షట్టరు ముందు చేరి ఒకటే రొద పెట్టాయి. కాపలావాడు పండగ పూట ఈ గోలేమిటని తిట్టుకుంటూ వచ్చాడు. లోపల పాము దూరిందేమోనని తాళం తీసి షట్టరు ఎత్తాడు. నూకాలు బయటికొచ్చి పడింది.

నీళ్ళు తాగి తేరుకున్నాక అది మామ్మ కాళ్ళ మీద పడింది. "నీ పిలుపు ముట్టుకున్నాను మామ్మా" అని ఏడ్చింది.

"పోనీలేవే. ఇన్నాళ్ళకి నాకూ ఒక బదులు వినపడింది" అంది అప్పయమ్మ.

పైడిరాజు బొంగురు గొంతుతో, "మామ్మా, ఆ పిలుపు మాకిచ్చెయ్యరాదా?" అని అడిగాడు.

"ఇవ్వను. అది మా ఇద్దరిదీ. మీది మీరు తెచ్చుకోండి" అంది ఆవిడ.

ఇద్దరూ మళ్ళీ కొండెక్కారు. ఈసారి నేరుగా ఇప్పచెట్టు దగ్గరికే వెళ్ళారు.

"ఇప్పపువ్వు అయిపోయింది నాయనా. ఇప్పుడు రాలేది కూడా ఏమీ లేదు" అంది ఉడుత.

"పరవాలేదు తాతా. మా నూకాలు ఏదో చెప్పాలంటోంది. అది వినడానికి వచ్చాను" అన్నాడు పైడిరాజు.

నూకాలు మూడు రోజులూ వాగుతూనే ఉంది, అచ్చం మామ్మలాగే. పైడిరాజు వింటూనే ఉన్నాడు. ఆ మాటల మధ్యన ఇద్దరి చెవినా ఏ చప్పుడు పడిందో నాకు తెలియదు, వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. బజారులో వాళ్ళు పిలుచుకుంటే పక్కవాళ్ళకు కూడా తెలిసేది కాదు. కానీ లారీలు ఎంత గోల చేసినా ఒకరు పలికితే రెండోవారు వచ్చి వాలేవారు.

అప్పయమ్మ మాత్రం రోజూ సాయంత్రం చూరు చివరికి వచ్చి 'టప్' అనేది. బదులు పలకడం నూకాలుకు వచ్చు. అయినా పలికేది కాదు. మొగుణ్ణి కూడా మాట్లాడొద్దని రెక్కతో తట్టి ఆపేది. పక్క చూరుల్లో గోరింకలూ నోరు కట్టేసుకునేవి. ఆవిడ వినడం అయ్యి లోపలికి వెళ్ళేదాకా బజారులో ఒక్క పిట్ట పలికేది కాదు. ఎందుకంటే ఆ బదులు తాత వంతు.

నీతి: నలుగురూ మెచ్చే విడిది కంటే, ఒకరి మాట ఒకరికి వినపడే విడిదే కొత్త జంటకు మేలు. అక్కడ విన్నదే ముసలితనం దాకా తోడుంటుంది.