కోటిలింగం గారి తోడి

శేషావతారం గారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడమే కష్టం. ఏ ధర్మసందేహం తెచ్చినా ఆ పెద్దాయన శ్లోకం చెప్పరు. "పద, చూసొద్దాం" అని లేచిపోతారు. ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకుంటున్న డాక్టర్ భార్గవికి ఈ సంగతి తెలుసు. తెలిసే, ఆ ఆదివారం ప్రశ్నను గట్టిగా పట్టుకొచ్చింది.

"గురువుగారూ, నా దగ్గరొక పెద్దాయన ఉన్నారు. ఊపిరితిత్తులు పాడైపోయాయి, ఇక కోలుకోరు. సూది వేసి పంపించెయ్యమ్మా అని నా చేతులు పట్టుకున్నారు. కొడుకేమో గొంతులో గొట్టం వేసైనా బతికించమని ఏడుస్తున్నాడు. చావు కోరుకునే హక్కు మనిషికి ఉందా, లేదా?"

"ఎవరమ్మా ఆయన?"

"సన్నాయి కోటిలింగం గారు."

గురువుగారు లేచారు. లేవరూ మరి! కోటిలింగం సన్నాయి ఎత్తుకుంటే, ముహూర్తం దాటిపోతున్నా పురోహితుడు నోరెత్తేవాడు కాదు. రేపల్లె వాళ్లం ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని మీసం మెలేస్తాం.

కోటిలింగం గారు ఇంట్లోనే, ఆక్సిజన్ సిలిండర్ పక్కన దిండ్లకు ఆనుకుని ఉన్నారు. గురువుగారు మంచం అంచున కూర్చున్నారు. కుశలమడగలేదు, హితబోధా చెయ్యలేదు. కొడుకు ధనుంజయుణ్ణి పిలిచి, "ఏదీ, మీ నాన్నగారి తోడి రాగం వినిపించు" అన్నారు.

వాడు కళ్లు తుడుచుకుని సన్నాయి అందుకున్నాడు. బాగానే ఎత్తుకున్నాడు గానీ, సరిగ్గా రాగం పైకెక్కే చోట ఊపిరి చాలక తెగ్గొట్టాడు.

"ఆపరా!" అన్నారు కోటిలింగం. "అక్కడా ఊపిరి తీసుకునేది? రాగాన్ని చంపేశావు కదరా!"

నాలుగు మాటలకే ఆయాసపడే మనిషి ఆ పూట కొడుకుని వదిలిపెట్టలేదు. గాలి ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ విడవాలో దుప్పటి మీద వేళ్లు ఆడించి చూపించారు. చివరికి కొడుకు సన్నాయిలో ఆ స్వరాల వరస తెగకుండా పలికింది. అప్పుడు ఆ తండ్రి ముఖం చూడాలి!

భార్గవికి పట్టలేని సంబరం. "చూశారా, ఈయనకు బతకాలనే ఉంది! ఆసుపత్రికి తీసుకెళ్లి గొట్టం వేయించేద్దాం" అంది.

కోటిలింగం నవ్వారు. "బతుకు మీద తీపి ఎప్పుడు పోయింది తల్లీ? తీపి ఉంది గనకే గొట్టం వద్దంటున్నా. అరువు గాలితో నేనెన్నడూ వాయించలేదు. సూది మాటా ఇక వదిలెయ్. ఆయాసం తగ్గడానికి మందివ్వు, చాలు. వీడికి చెప్పాల్సింది ఇంకా ఉంది."

ధనుంజయుడు సన్నాయి పక్కన పెట్టాడు. తర్వాత తండ్రి పాదాల మీద చెయ్యి వేసి, "మీ ఇష్టమే నాన్నా" అన్నాడు.

ఆ నెల తిరక్కుండానే కోటిలింగం గారు కొడుకు తోడి వాయిస్తుండగా దర్జాగా వెళ్లిపోయారు. గొట్టం లేదు, సూదీ లేదు.

భార్గవి మాత్రం వదల్లేదు. "ఆయన సంగతి తేలింది. నా ప్రశ్న తేలలేదు గురువుగారూ. రేపు ఇంకొకరు సూది వెయ్యమని అడుగుతారు. హక్కు ఉందనాలా, లేదనాలా?"

శేషావతారం గారు ఆమె వైపు చూశారు.

"ఆ మనిషి మంచం దగ్గర ఎంతసేపు కూర్చుంటావో ముందు చెప్పమ్మా."