మంత్రసాని నూకాలు పోసిన నీళ్ళు

వెనకటికి సముద్రపుటొడ్డున మందారగిరి అని ఒక రాజ్యం. ఏలేవాడు ధరణీధర భూపతి.

ఓడ దిగి వచ్చిన పరదేశి ఒకడు రాజ్యమంతా తిరిగి పుస్తకం రాశాడు. "వీళ్ళ ధర్మం గొప్పదే, కానీ తనవాళ్ళనే కొందరిని గుడి బయట నిలబెడుతుంది" అని అందులో ఉందట. రాజుకు ఒళ్ళు మండింది. ఏడు సముద్రాల అవతల మన ధర్మం పరువు పోయిందన్నాడు.

ఆ మాట పరదేశికి చెప్పింది మాలపల్లె మంత్రసాని నూకాలని తేలింది. అబద్ధమాడానని కొలువులో ఒప్పుకోవాలి, లేదా ముసలితనంలో రాజ్యం విడిచి పోవాలి. అదీ తీర్పు.

నూకాలు కొలువు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అంతెత్తు స్తంభాలు ఆమె ఎన్నడూ చూడలేదు. సింహాసనం మీది మనిషిని చూస్తే మరీ ఆశ్చర్యం. తన రెండు అరచేతుల్లో పట్టినవాడు ఇంతవాడయ్యాడా అనుకుంది.

తప్పు ఒప్పుకోమని రాజగురువు విశ్వపతి సోమయాజులు గద్దించాడు. నూకాలు తల ఎత్తకుండానే, నా చెయ్యి తగిలినవాళ్ళు ఏం చెయ్యాలి సామీ అని అడిగింది.

"తలస్నానం చెయ్యాలి. చెయ్యకుండా గుడి గడప తొక్కితే గుడంతా మైలే."

"దొరలకైనా అంతేనా సామీ?"

"చక్రవర్తికైనా అంతే."

"అయితే ఒక బాబు సంగతి చెబుతాను. పురుడు వెళ్ళాక కూడా మూడు నెలలు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశాను. మొదటిసారి గుడికి తీసుకెళ్ళిన రోజునా నేనే పోశాను. జుట్టు తడి ఆరకముందే పల్లకీ ఎక్కించారు. మళ్ళీ ఎవరూ స్నానం చేయించలేదు."

"ఎవడే ఆ బాబు?" అన్నాడు సోమయాజులు.

నూకాలు సింహాసనం వైపు దణ్ణం పెట్టింది. "నలభై ఏళ్ళుగా గుడి మైలపడే ఉందో, నా చేతికే మైల లేదో, సామే సెలవియ్యాలి."

సోమయాజులు రాజు వైపు తిరిగాడు.

రాజు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "పరువు తీసింది పరదేశీ కాదు, నువ్వూ కాదు. మేమే" అన్నాడు. గుడి తలుపులు అందరికీ తెరవమన్నాడు. నూకాలుకు పదెకరాల మాగాణి రాసిచ్చి, ఇంకేం కావాలో అడగమన్నాడు.

ఒక్కసారి దేవుణ్ణి చూస్తానంది.

రాజే వెంట నడిచాడు. గర్భగుడి ముందు దీపం వెలుగులో నూకాలు మెడ సాచి చూసింది.

"ఇంత చిన్నవాడా బాబూ" అంది మెల్లగా. "అప్పుడే పుట్టిన బిడ్డంతే ఉన్నాడు."