పిడికిలి కొలత

క్షీరాబ్ది ద్వాదశి, గురువారం, ఉదయం ఎనిమిదింటికి బియ్యం బండి చివరింటి ముందు ఆగింది.

ఇప్పుడా రేవు ఇసుకతో పూడిపోయింది గానీ, అప్పట్లో అక్కడికి ఓడలు వచ్చేవి. ఆ ఊళ్లో ఒకావిడ లోకంలో ఆకలనేది లేకుండా చేయాలనుకుంది. ప్రతి ఇంటికీ ఓ చిన్న కుండ ఇచ్చింది. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేయాలి. పక్షానికోసారి ఆవిడా, తోడికోడలూ బండి కట్టుకొచ్చి, కుండలు వంచుకుని, బియ్యం రేవుకి చేర్చేవారు. పేరు పలకడం కూడా రాని దేశాల్లో ఎవరో ఆ అన్నం తినేవారు.

ఆ రోజుల్లో ఏ వాకిట్లో నిలబడినా, దేవుడి గంట మోగిన కాసేపటికి, కుండలో గింజలు రాలే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుతోనే ఊరికి తెల్లవారేది.

దానికి సోలా లేదు, తవ్వా లేదు. ఎవరి పిడికిలే వాళ్ల కొలత. అదీ నియమం.

చివరింట్లో ఒక మామ్మ ఒక్కతే ఉండేది. తొలి ఏడాది ఆమె కుండ అంచుదాకా నిండేది. తరవాత మెడ కిందికి దిగింది. ఆ రోజు సగమైనా లేదు.

తోడికోడలు కుండలోకి చూసి మూతి విరిచింది.

"చూశావా అక్కా? మామ్మగారికి పెట్టడానికి చెయ్యి రావడం లేదు. పొయ్యిలో పొగ మాత్రం మనింటికంటే ముందే లేస్తుంది."

"ఊరుకోవే, వింటుంది," అంటూనే ఆవిడ గుమ్మం దగ్గరికెళ్లి మెత్తగా అడిగింది. "మామ్మగారూ, రోజూ వేస్తున్నారా?"

"ఒక్కరోజు తప్పితే ఒట్టు! పిడికెడంటే పిడికెడే. కావాలంటే నీ ఎదురుగానే వేస్తాను, చూడు."

మామ్మ డబ్బా అడుగుదాకా చెయ్యి పెట్టి, తడిమి తడిమి, పిడికిలి బిగించి పైకి తీసింది.

ఇన్నేళ్లూ ఆవిడ బియ్యాన్నే చూసింది. ఇవాళ మామ్మ చెయ్యి చూసింది. రాగి కడియం మోచేతిదాకా జారిపోయింది. వేళ్లు పిచ్చుక కాళ్లలా ఉన్నాయి. పిడికిలి నిండుగానే ఉంది. పిడికిలే చిన్నదైపోయింది.

పొయ్యి మీద గిన్నెలో వట్టి నీళ్లు మరుగుతున్నాయి.

ఇక మీరు వేయొద్దంటూ ఆవిడ కుండ అందుకోబోయింది. మామ్మ దాన్ని రెండు చేతులతో పొట్టకి హత్తుకుంది.

"కుండ తీసుకెళ్లకు తల్లీ. ఇది ఉన్నన్నాళ్లూ నేను పెట్టేదాన్ని. ఇది పోయిందా, చెయ్యి చాచేదాన్నవుతాను. అలా ఒక్క పూట కూడా బతకలేను."

బండి నిండా బియ్యం ఉంది. దానమని తెస్తే అందులో ఒక్క గింజ కూడా ఆ గుమ్మం దాటదు.

ఆవిడ బండి దగ్గరికెళ్లి, చేట నిండా బియ్యం పట్టుకొచ్చింది.

"మామ్మగారూ, నిన్న మాకు ఏకాదశి ఉపవాసం. ఇల్లు చేరేసరికి పారణ ఘడియలు దాటిపోతాయి. కాస్త వండి పెడతారా? మీరూ మాతో కూర్చోవాలి. పెట్టినావిడ పస్తుంటే మా వ్రతం చెడుతుంది."

మామ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది.

"నాకు రోజూ ఏకాదశేనే పిల్లా," అని బోసినోటితో నవ్వింది. "సరే కూర్చోండి. ఎసరు ఎలాగూ మరుగుతోంది. నీ తోడికోడలికి విస్తరి కుట్టడం వచ్చా, మూతి విరవడమొకటే వచ్చా?"

తోడికోడలు తల వంచుకుని ఆకులు అందుకుంది.

పాత చింతకాయ పచ్చడితో ముగ్గురూ తిన్నారు. ఇంకా తినమని తిడుతూ మామ్మ కొసరి కొసరి మారు వడ్డించింది. చేటలో మిగిలిన బియ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున బండిని రేవుకి తోలలేదు. తోడికోడళ్లిద్దరూ స్నానాలు చేసి, దీపం పెట్టి, బియ్యంతో సహా బండిని మళ్లీ మొదటింటి ముందుకి తోలుకెళ్లారు. ఎవరి కుండా చూడలేదు.

"ఏదమ్మా, ఓసారి చెయ్యి చూపించు," అని అడిగారు.

"జాతకం చెబుతారా ఏమిటి?" అని నవ్వుతూ ఒక్కొక్కరే చూపించారు.

ఊరి నడుమ మేడలోంచి పట్టుచీర కట్టుకున్న కోడలు బయటికి వచ్చింది. అత్తగారి పిడికిలితో నిండే ఆ ఇంటి కుండ ఏనాడూ వెలితిగా లేదు. చెయ్యి అడగ్గానే ఆ పిల్ల, మోచేతిదాకా జారిన గాజులతో సహా, దాన్ని కొంగు కింద దాచుకుంది.

"ఇవాళ మా భోజనం ఇక్కడే, నీ పక్కనే," అంది తోడికోడలు. బండి దిగి, ఎడ్లను విప్పేసింది.